గరగర వేరు, గలగల వేరు

ఐదు నెలల క్రితం నా మోటారు సైకిలును పట్నంలోని ఒక సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్ళాను. వెనుక భాగం నుంచి ఏదో చప్పుడు వస్తోంది. అది ఎంత వేగంలో మొదలవుతుందో, నున్నటి రోడ్డు మీద ఎలా వినిపిస్తుందో, గతుకుల్లో ఎలా మరుగున పడుతుందో అక్కడి యువకుడికి ఓపికగా వివరించాను. "గరగరమంటోంది నాయనా" అని కూడా చెప్పాను. అతడు అంతా విని (విన్నట్లు తలాడించి) జాబ్ కార్డు మీద రెండే మాటలు రాసుకున్నాడు: సౌండ్ ప్రాబ్లమ్.

నా అభియోగమంతా ఆ రెండు మాటల మీదనే. ఆ యువకుడి మీద కాదు, అతడికి నేర్పింది అతడు చేశాడు. చప్పుడుకు పేరు పెట్టకుండానే భాగాలు మార్చుకుంటూ పోయే పద్ధతికి మరమ్మత్తు అనే గౌరవనామం చెల్లదని నా వాదన. చప్పుళ్ళకు పేర్లు పెట్టడంలో తెలుగుకు ఉన్న సంపద తక్కువది కాదు. ఆ సంపదను వర్క్‌షాపు గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి మనం లోపలికి వెళుతున్నాం. అందుకు మూల్యం డబ్బుగా చెల్లిస్తున్నాం. ఒక్కొక్కప్పుడు ప్రాణంతో చెల్లించే దాకా కూడా వస్తుంది.

ముందు జరిగిన సంగతి చెబుతాను.

మొదటిసారి టాపెట్లు సరిచేశామన్నారు, మూడు వందల యాభై రూపాయలు పుచ్చుకున్నారు. చప్పుడు పోలేదు. పది రోజుల తరువాత మళ్ళీ వెళితే చైను అరిగిపోయిందన్నారు. చైను, రెండు పళ్ళచక్రాలు కలిపి మార్చినందుకు పదహారు వందల చిల్లర అయింది. ఇంటికి వచ్చే దారిలోనే ఆ చప్పుడు నాకు తోడుగా వచ్చింది. మూడోసారి వెళ్ళినప్పుడు ఒక పెద్దమనిషి గంభీరంగా ఇంజను వైపు చూసి, "టైమింగ్ చైను పోయినట్టుంది సార్, విప్పాలి, విప్పాక బోరు కూడా చూడాలి" అని ఏడున్నర వేలకు అంచనా రాసి ఇచ్చారు. గమనించండి: మూడు సార్లలో ఒక్కసారి కూడా ఎవరూ బండి ఎక్కి నాలుగు అడుగులు నడిపి చూడలేదు. రోగిని చూడకుండా రాసిన చీటీలు మూడు నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఆ అంచనా జేబులో పెట్టుకుని తగరపువలస మీదుగా పద్మనాభం తిరిగి వస్తూ, మా ఊరి బయట చింతచెట్టు కింద షెడ్డులో ఆగాను. ఆ షెడ్డు వృద్ధుణ్ణి అంతవరకు నేను పంక్చర్లకే పనికివచ్చేవాడనుకున్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఎవరి గురించి పుట్టిందో ఆనాడు తెలిసివచ్చింది. ఆ సామెత చెట్టును గురించి కాదు, పెరడు యజమానిని గురించి.

"ఏటి సప్పుడు మాస్టారూ? కిర్రుమంటందా, లొడలొడలాడతందా, గరగరమంటందా?"

గరగర అన్నాను. అతడు ఆ మాటను గౌరవించాడు. ఐదు నెలల్లో నా మాటను పట్టించుకున్న మొదటి మనిషి అతడు. తరువాత నన్ను వెనుక కూర్చోబెట్టుకుని బండి తానే నడిపాడు. నలభై వేగంలో చప్పుడు మొదలయ్యాక గేరు మార్చాడు. ఇంజను స్వరం మారింది కాని గరగర మారలేదు. క్లచ్ పట్టి రేజ్ చేశాడు. ఇంజను మొత్తుకుంది కాని గరగర దాని దారిన అది సాగింది. పల్లంలోకి దిగేటప్పుడు గేరు తీసి ఇంజనే ఆపేశాడు. గాలి హోరు, టైరు రొద, వాటి అడుగున నిక్షేపంలా గరగర. "ఇంజను మంచిదే మాస్టారూ, దాన్ని ముట్టుకోకండి" అన్నాడు. ఏడున్నర వేల రూపాయల అంచనా ఆ పల్లం దిగే లోపల, పావు కిలోమీటరులో కొట్టుకుపోయింది.

ఇక మిగిలినవి మూడు: చైను, బ్రేకు, చక్రం బేరింగు. ఇక్కడ అతడు చేసినది నిజానికి లెక్క. నా బండికి వెనుక పళ్ళచక్రానికి 42 పళ్ళు, చైనుకు 116 లింకులు. కనుక చైనులో ఒక లింకు బిగుసుకుపోతే ఆ దోషం చక్రం దాదాపు రెండు ముప్పావు చుట్లు తిరిగితే గాని మళ్ళీ పలకదు. చక్రం చుట్టుకొలత రెండు మీటర్లకు కొంచెం తక్కువ. అంటే ఐదు మీటర్లకు పైగా నడిస్తే ఒక దెబ్బ. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో, అంటే సెకనుకు పది మీటర్ల నడకలో, సెకనుకు రెండు దెబ్బలు కూడా పడవు. బ్రేకు డ్రమ్ము వంకర తిరిగి ఒరుసుకుంటే చుట్టుకొకసారి, అదే వేగంలో సెకనుకు ఐదుసార్లు పలుకుతుంది, పెడలు మీద కాలు ఆనిస్తే దాని స్వరం మారుతుంది. నా బండి చప్పుడుకు ఈ లయలేవీ లేవు. అది తెగకుండా సాగే గరగర. వేగంతో పెరుగుతుంది, వేగంతో తగ్గుతుంది, మరి దేనికీ లొంగదు. ఆ వృద్ధుడు ఈ అంకెలు కాగితం మీద వేయలేదు. "సైను అయితే ఆగి ఆగి కొడతాది, ఇది ఆగట్లేదు" అన్నాడు. నేను చేసిన గుణకార భాగహారాల సారమంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

సెంటరు స్టాండు వేసి, చైను తప్పించి, చక్రాన్ని చేతితో తిప్పుతూ రెండో చేతిని ఇరుసు పక్కన ఆనించాడు. నా చేతిని కూడా అక్కడ పెట్టించాడు. చెవికి వినిపించిన గరగర అరచేతికి తగిలింది. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను అక్కడ ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తరువాత చక్రాన్ని రెండు చేతులా పట్టి అటూ ఇటూ ఊపితే కంటికి కనిపించేటంత వదులు ఉంది. కుడివైపు బేరింగు. విప్పి నా చేతిలో పెట్టాడు. గ్రీజు ఉండవలసిన చోట తుప్పు రంగు నీరు. గుండ్లు తిరిగే దారి అంతా గుంటలు. గరగర అనే మాటకు అంతకంటే స్పష్టమైన నిఘంటు వివరణ నేను చూడలేదు.

ఆ బేరింగు ఏదో ఒక రోజు పగిలి చక్రాన్ని పట్టేసేది. వారంలో ఆరు రోజులు మా అమ్మాయి నా వెనుక ఆ చక్రం మీదనే కూర్చుని కాలేజీకి వస్తోంది. పట్నం రోడ్డు మీద లారీల మధ్య వెనుక చక్రం ఒక్క క్షణం బిగుసుకుపోతే ఏమవుతుందో రాయడానికి నాకు చేయి రావడం లేదు. రెండు బేరింగులకు నాలుగు వందల ఎనభై అయింది, కూలి నూట యాభై.

ఇప్పుడు అసలు వాదానికి వస్తాను.

చప్పుడు ఒక సాక్షి. సాక్షిని ప్రశ్నించాలంటే అతడి భాష రావాలి. తెలుగులో ఆ భాష సిద్ధంగా ఉంది. చప్పుడు, సవ్వడి, సద్దు, అలికిడి, రొద, మోత, హోరు: ఇవన్నీ ఒకటి కావని పల్లెటూరి పిల్లవాడికి కూడా తెలుసు. ఇక ధ్వన్యనుకరణాల సంగతి చెప్పనే అక్కరలేదు. పండితులు వాటిని ఆమ్రేడితాలనో అనుకరణ శబ్దాలనో ఒక మూల కూర్చోబెట్టారు. చదువుకున్నవారు చిన్నపిల్లల మాటలనుకున్నారు. కాని షెడ్డులో అవి రోగనిర్ణయ పదజాలం. కొన్ని చూడండి.

టకటక: ఇంజను తలలో, టాపెట్ల దగ్గర. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్యామ్ షాఫ్టు క్రాంకు వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది కనుక ఇది ఇంజను పరుగుకు సగం లయలో పలుకుతుంది. కొంచెం టకటక ఉండడం ఆరోగ్యమే. టాపెట్లను అతిగా బిగించి ఆ చప్పుడును మాయం చేస్తే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. నిశ్శబ్దమంతా క్షేమం కాదు.

గలగల: వదులైన టైమింగ్ చైను. పొద్దున్నే చల్లటి ఇంజను మొదలుపెట్టినప్పుడు, పరుగులో రేజ్ వదిలినప్పుడు బయటపడుతుంది.

దబదబ: లోతు నుంచి, బరువుగా, ఎత్తు ఎక్కేటప్పుడు హెచ్చుతూ వస్తే కనెక్టింగ్ రాడ్డు బేరింగును అనుమానించాలి. దీన్ని విన్నాక బండి నడపకూడదు.

లొడలొడ: వదులైన బోల్టు, సైలెన్సరు రేకు, మడ్‌గార్డు కమ్మీ. చేతితో పట్టుకుంటే ఆగిపోతుంది.

కిర్రు: గ్రీజు ఎండిన బుష్షు. మనిషి ఎక్కినప్పుడు, దిగినప్పుడు మూలుగుతుంది. కీచు: బ్రేకు. టక్కు: ముందు బ్రేకు వేసినప్పుడు ఒక్కసారి కొడితే హ్యాండిలు కింది కోన్ సెట్టు.

గరగర: బేరింగు.

పేరు తీర్పు కాదన్న సంగతి నేను మరచిపోలేదు. పేరు అనుమానం మాత్రమే. ఆ అనుమానాన్ని గేరు మార్చి, ఇంజను ఆపి, చేయి ఆనించి పరీక్షించాలి. కాని అనుమానమే లేనివాడు దేనిని పరీక్షిస్తాడు? "సౌండ్ ప్రాబ్లమ్" అన్న మాటలో అనుమానం లేదు. గరగర, గలగల, లొడలొడ అన్నీ ఆ గోతిలో పడి ఒకే రంగు బురద అవుతాయి. అందులో నుంచి ఏ భాగం పేరు తీసినా ఒకటే. సహజంగా ఖరీదైన భాగం పేరే ముందు చేతికి తగులుతుంది.

చెవితో రోగం కనిపెట్టడం మోటు పద్ధతి అనేవారికి ఒకటి రెండు సంగతులు గుర్తుచేస్తాను. ఆయుర్వేదం చెప్పే అష్టస్థాన పరీక్షలో నాడి, జిహ్వలతో పాటు శబ్దానికీ స్థానం ఉంది. 1816లో పారిస్ వైద్యుడు లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె మీద ఆనించి విన్నాడు. వైద్యుల మెడలో నేడు వేలాడుతున్న స్టెతస్కోపు అక్కడ పుట్టింది. స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించిన మా వృద్ధుడు ఆ వంశంలోని వాడే. రైలు స్టేషనులోకి వస్తున్నప్పుడు బోగీల సిబ్బంది పట్టాల పక్కన నిలబడి చక్రాల చప్పుడు వినడం రైల్వేలో ఒక విధి. ఇప్పుడు పట్టాల పక్కన మైకులు అమర్చి బేరింగుల చప్పుడును యంత్రాల చేత కూడా వినిపిస్తున్నారు. అంటే కోట్ల ఖరీదు చేసే ఆస్తి ఉన్నవారు చెవిని వదులుకోలేదు, దానికి ఇంకా డబ్బు పోస్తున్నారు. చెవి అవసరం లేదన్న ఉపదేశం నూట పాతిక సీసీ బండి వాళ్ళకు మాత్రమే!

ఇంకా చెప్పాలంటే ఇది చెవికి పేరుపడ్డ సీమ. పద్మనాభానికి పొరుగునే ఉన్న విజయనగరంలో 1919లో సంగీత కళాశాల వెలిసింది. చూపు మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడే ఫిడేలు బోధించారు. శ్రుతి వెంట్రుక వాసి తప్పినా పట్టుకునే శ్రోతలు ఈ ఊళ్ళలో ఉండేవారు. అలాంటి నేల మీద మూడు సార్లు వెళ్ళినా ఒక చక్రం చప్పుడు వినే తీరిక ఎవరికీ లేకపోవడం చిన్న విషయమా?

బయటి లోకంలోనూ ఈ జాడ్యం ఉంది. అమెరికా రచయిత రాబర్ట్ పిర్సిగ్ 1974లో అచ్చయిన తన ప్రసిద్ధ మోటారు సైకిలు గ్రంథంలో ఇలాంటి కథే చెప్పాడు. రేడియో మోగుతున్న ఒక షెడ్డులో మెకానిక్కులు అతడి బండి చప్పుడును టాపెట్లని తేల్చి, మరమ్మత్తు పేరిట ఇంజనును పాడుచేశారు. చివరికి అసలు దోషం నూనె వెళ్ళే మార్గంలో విరిగిన పావు డాలరు పిన్నుదని తేలింది. ఆ షెడ్డులో లోపించింది నైపుణ్యం కాదని, లక్ష్యపెట్టే బుద్ధి అని అతడి ఆరోపణ. నేను దానికి ఒక మాట చేర్చుతాను: లక్ష్యపెట్టే బుద్ధికి భాష కావాలి.

ఇక ఆక్షేపణలు.

"ఇప్పుడు బళ్ళలో కంప్యూటరు ఉంది, దోషం తానే చెబుతుంది" అంటారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక కొత్త బళ్ళకు ఇంధనం కొలిచి పోసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ, దోషం చూపించే దీపం ఉన్న మాట నిజమే. ఆ దీపం సెన్సార్ల సంగతి చెబుతుంది. ఇరుసు మీద తుప్పు పట్టిన బేరింగుకు సెన్సారు లేదు. ఆ దీపానికి చెవి లేదు. కరెంటు బళ్ళు వస్తే ఈ గొడవే ఉండదనేవారూ ఉన్నారు. ఇంజను పోయినా చక్రం పోదు, బ్రేకు పోదు, కోన్ సెట్టు పోదు. ఇంజను మోత లేని బండిలో గరగర ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. చెవికి అక్కడ పని పెరుగుతుందే గాని తగ్గదు.

"వినడానికి మెకానిక్కుకు తీరిక ఏది?" అన్నది మరొక ఆక్షేపణ. ఇది న్యాయమైనది. దీనికి జవాబు చెప్పవలసినది మెకానిక్కు కాదు, మనం. షెడ్డులో ఆనాడు వినడానికి, నడపడానికి, తేల్చడానికి పట్టినది నలభై నిమిషాలు. బేరింగులు మార్చడానికి అరగంట. బిల్లు అరగంటకే వచ్చింది. ఆ నలభై నిమిషాలకు నేను వేరుగా డబ్బు ఇవ్వబోతే అతడు నవ్వి, "ఇన్నందుకు డబ్బులేటి మాస్టారూ" అన్నాడు. ఆ నవ్వులో మన వ్యవస్థ అంతా ఉంది. భాగానికి వెల కట్టాం, చేతికి కొంచెం కట్టాం, చెవికి సున్నా కట్టాం. వెల లేనిదాన్ని ఏ సర్వీసు కేంద్రం అమ్ముతుంది? వాళ్ళు భాగాలు అమ్ముతున్నారంటే మనం భాగాలే కొంటున్నాం గనుక.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మత్తు హక్కు పేరిట ఒక పోర్టల్ ప్రారంభించింది. వాహనాలూ అందులో ఉన్నాయి. సంతోషమే. కాని భాగాలు, కరదీపికలు అందుబాటులోకి రావడం సగం హక్కు. దోషమేమిటో తేల్చి చెప్పించుకునే హక్కు మిగిలిన సగం. అది ఏ పోర్టల్‌లోనూ దొరకదు, మనం గుమ్మం దగ్గర నిలబడి అడగాలి.

భాషాభిమానులకూ ఒక మాట. నేనూ ఆ గుంపులోని వాడినే కనుక చనువుగా అంటున్నాను. మోటారు సైకిలుకు ద్విచక్రిక అనాలా, యంత్రద్విచక్రి అనాలా అని మనం ఏళ్ళ తరబడి తర్కించాం. ఇంజనుకు సంస్కృతం కుట్టించాం. ఆ తర్కం సాగుతుండగానే గరగర, గలగల, లొడలొడ మన కళ్ళెదుటే జాబ్ కార్డు మీద నుంచి తుడిచిపెట్టుకుపోయాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని, 1971లో చేనేత పదాల సంపుటాన్ని వెలువరించారు. రైతు నోటి నుంచి, నేతగాని నోటి నుంచి మాటలు ఏరి తెచ్చారు. మెకానిక్ షెడ్డుకు కూడా అలాంటి చెవి కావాలి. బేరింగును బేరింగు అంటే తెలుగు చావదు. గరగరను సౌండు అంటే చస్తుంది.

చివరగా నా నేరం కూడా ఒప్పుకోవాలి. బేరింగులో నీళ్ళు ఎలా వచ్చాయని అడిగితే ఆ వృద్ధుడు నన్నే చూశాడు. నెలకొకసారి వాటర్ సర్వీసింగు చేయించి, బండి అద్దంలా ఉందని మురిసిపోయేవాణ్ణి. తుపాకీ లాంటి గొట్టంతో ఇరుసు మీద నేరుగా కొట్టిన నీరు రబ్బరు సీలును దాటి లోపలికి పోయి గ్రీజును కడిగేసింది. కంటికి కనిపించే మెరుపు కోసం చెవికి వినిపించే చోటును నేనే పాడుచేశాను. కనుక ఈ అభియోగపత్రంలో ముద్దాయిల జాబితాలో నా పేరు కూడా ఉంది.

శిక్షగా నేను మూడు పనులు పెట్టుకున్నాను. బండి ఇచ్చేటప్పుడు చప్పుడు పేరు, అది వచ్చే వేగం, ఇంజను ఆపితే ఉంటుందో పోతుందో తెలుగులో కాగితం మీద రాసి ఇస్తాను, అదే జాబ్ కార్డుకు కుట్టమంటాను. బండి నడిపి వినకుండా ఏ భాగమూ మార్చవద్దని పైన రాస్తాను. బిల్లులో వినికిడికి వేరుగా ఒక వరుస వేయమని, ఆ డబ్బు గొణక్కుండా కడతానని చెబుతాను. చింతచెట్టు కింది షెడ్డులో ఆ వరుస ఇప్పటికే మొదలయింది. మొదట వద్దన్న వృద్ధుడు రెండోసారి నూరు రూపాయలు పుచ్చుకుని, వెనుక నిలబడి ఉన్న మనుమడి చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చి, "ఇదిగో, నువ్వూ ఇను" అన్నాడు.

చదువరులు కూడా ఈసారి బండి ఇచ్చేటప్పుడు, విప్పక ముందే, వినడానికి ఎంత అవుతుందో అడగండి. అడిగినవాళ్ళు పదిమంది అయితే దానికి వెల పుడుతుంది. వెల పుడితే పని పుడుతుంది.